కలెక్టర్ పెద్దా.. ఎమ్మెల్యే పెద్దా? పిల్లలకు మూడు వ్యవస్థల పాఠం చెప్పాలంటే పూతలపట్టులోనే బోలెడు ఉదాహరణలు

పూతలపట్టు: 2025 నవంబర్ 26.. రాజ్యాంగ దినోత్సవం. అమరావతిలోని అసెంబ్లీ ప్రాంగణంలో ఆ రోజు సభ నడిపింది విద్యార్థులు. రాష్ట్రంలోని 175 నియోజకవర్గాల నుంచి ఒక్కొక్కరు చొప్పున వచ్చి స్పీకర్‌గా, ముఖ్యమంత్రిగా, మంత్రులుగా, ప్రతిపక్ష సభ్యులుగా మాట్లాడారు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్ కూర్చుని చూశారు. ఆ 175 కుర్చీల్లో పూతలపట్టుకూ ఒకటి ఉంది.

టీవీల్లో చూసిన పిల్లలకు ఆ సభ బాగా నచ్చింది. అయితే సభ అయ్యాక క్లాసులో వచ్చే ప్రశ్నలు వేరేగా ఉంటాయి. ‘సార్, కలెక్టర్ పెద్దా, ఎమ్మెల్యే పెద్దా?’ ‘కోర్టు గూడా గవర్నమెంటే గదా?’ ‘ముఖ్యమంత్రి చెప్తే జడ్జి వినాలి గదా?’ సోషల్ చెప్పే ప్రతి టీచరుకూ ఇవి తెలిసిన ప్రశ్నలే. శాసన, కార్యనిర్వాహక, న్యాయ వ్యవస్థలు అని బోర్డు మీద మూడు డబ్బాలు గీసి, బాణాలు వేస్తే పరీక్షకు సరిపోతుంది. ఈ ప్రశ్నలకు మాత్రం అందులో జవాబు దొరకదు. అసలు ఈ పాఠాన్ని చిన్న పిల్లలకు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

అన్నం ప్లేటు నుంచి..

సర్కారు బడిలో మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లల చేతికి వచ్చే ప్లేటు ఉందే.. మూడు వ్యవస్థలనూ ఒకేచోట చూపించడానికి అంతకంటే మంచి ఉదాహరణ లేదు.

2001లో పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ అనే సంస్థ సుప్రీంకోర్టులో కేసు వేసింది. గోదాముల్లో ధాన్యం మూలుగుతుంటే జనం ఆకలితో చావడం ఏమిటన్నది ఆ కేసు సారాంశం. ఆ ఏడాది నవంబర్ 28న కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు వండిన భోజనమే పెట్టాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. రోజుకు కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రొటీన్, ఏడాదిలో కనీసం 200 రోజులు అని లెక్క కూడా చెప్పింది. అంతకుముందు చాలా రాష్ట్రాలు బియ్యమో, గోధుమలో ఇంటికి ఇచ్చి పంపేవి. ఇది న్యాయవ్యవస్థ చేసిన పని.

తర్వాత 2013లో పార్లమెంటు జాతీయ ఆహార భద్రత చట్టం చేసింది. ఆరు నుంచి 14 ఏళ్ల పిల్లలకు, అంటే ఎనిమిదో తరగతి దాకా, బడి రోజుల్లో ఒక పూట ఉచిత భోజనం ఆ చట్టం ప్రకారం హక్కు. ఇది శాసనవ్యవస్థ పని.

మరి వండేదెవరు? బియ్యం పంపేదెవరు? గుడ్డు ఎన్ని రోజులు, రాగిజావ ఎప్పుడు అని మెనూ రాసేదెవరు? బిల్లులు మంజూరు చేసేదెవరు? అదంతా కార్యనిర్వాహక వ్యవస్థ. ముఖ్యమంత్రి, మంత్రుల దగ్గర మొదలై విద్యాశాఖ, కలెక్టరు, ఎంఈవో, హెచ్‌ఎం మీదుగా వంట ఏజెన్సీ అక్కల దాకా వచ్చే గొలుసు అది. బోర్డు దగ్గర నిలబడి ఈ పాఠం చెప్పే సర్కారు టీచరమ్మ కూడా ఆ గొలుసులో ఒక లింకే. ఈ సంగతి చెప్తే పిల్లలు నమ్మలేనట్టు చూస్తారు!

ఇక్కడే అసలు మెలిక ఉంది. ఏపీలో ఇప్పుడు డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తున్న ఈ పథకం తొమ్మిది, పది తరగతులకూ ఉంది. 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలకూ విస్తరించారు. కానీ 2013 చట్టం గ్యారంటీ ఇచ్చింది ఎనిమిదో తరగతి వరకే. అంటే ఏడో తరగతి చదివే చెల్లెలికి ప్లేటు చట్టం ఇచ్చిన హక్కు. ఇంటర్ చదివే అక్కకు అది ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం. రెండు ప్లేట్లలో అన్నం ఒకటే. నిర్ణయాన్ని మరో ప్రభుత్వం ఒక జీవోతో మార్చేయొచ్చు. చట్టాన్ని మార్చాలంటే పార్లమెంటుకే వెళ్లాలి. ‘హక్కు’కూ ‘పథకా’నికీ తేడా ఇంతకంటే సులువుగా చెప్పడం కష్టం. పెద్దవాళ్లలోనూ చాలామందికి ఈ తేడా తెలియదు. పింఛను ఆగినా, బియ్యం రాకపోయినా ఎవరిని అడగాలో తెలియక తిరిగేది ఇందుకే.

చదువు హక్కు కథలోనైతే ఆంధ్రప్రదేశ్ పేరే ఉంది. ఉన్నికృష్ణన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ కేసులో 1993లో సుప్రీంకోర్టు 14 ఏళ్ల వరకు విద్య ప్రాథమిక హక్కేనని చెప్పింది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ద్వారా పార్లమెంటు దాన్ని 21ఏ అధికరణంగా చేర్చింది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. కోర్టు మాట చట్టంగా మారి బడి గుమ్మం దాకా రావడానికి 17 ఏళ్లు పట్టిందన్నమాట.

బంగారుపాళ్యం మామిడి చెప్పే పాఠం

పూతలపట్టు, ఐరాల, తవణంపల్లె, బంగారుపాళ్యం, యాదమరి.. ఈ ఐదు మండలాలు కలిస్తే పూతలపట్టు నియోజకవర్గం. పునర్విభజన తర్వాత 2009 ఎన్నికలతో ఏర్పడిన ఎస్సీ రిజర్వుడు స్థానం. ఇక్కడి పిల్లల్లో తోతాపురి కాయ గురించి తెలియనివాళ్లు ఉండరు. చాలా ఇళ్లలో ఫీజులు కట్టేదీ, కొత్త బట్టలు కొనేదీ ఆ కాయ అమ్మిన డబ్బుతోనే.

2025 సీజన్‌లో ధర పడిపోయింది. పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు దక్కేలా చూస్తామని ప్రకటించింది. ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలి, మిగతా 4 రూపాయలు ప్రభుత్వం రైతు ఖాతాలో వేయాలి. ఇది పూర్తిగా కార్యనిర్వాహక నిర్ణయం. కేంద్రం కూడా తర్వాత మార్కెట్ జోక్యం పథకం కింద భారంలో వాటా తీసుకోవడానికి ఒప్పుకుంది. అయితే ఏ ప్రభుత్వమైనా ఖజానా నుంచి రూపాయి తీయాలంటే అసెంబ్లీ ఆమోదం ఉండాలి. బడ్జెట్ సమావేశాల్లో ఎమ్మెల్యేలు ‘అవును’ అంటే తప్ప ఆ 4 రూపాయలు కదలవు. ఎమ్మెల్యే అంటే రోడ్డు వేయించే మనిషి, ట్రాన్స్‌ఫర్ చేయించే మనిషి అనుకునే పిల్లలకు ఇది కొత్తగా ఉంటుంది.

అదే జూన్‌లో ఇంకో సంగతి జరిగింది. వేరే రాష్ట్రాల తోతాపురి కాయ చిత్తూరు జిల్లాలోకి రాకుండా కలెక్టర్ ఉత్తర్వు ఇచ్చారు. ఇక్కడి రైతుకు ఊరట. కానీ సరిహద్దు అవతల కర్ణాటక రైతులు లబోదిబోమన్నారు. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఏపీ ముఖ్యమంత్రికి లేఖ రాశారు. క్లాసులో ఈ ముక్క చెప్పి, ‘కలెక్టరు అలా ఆపొచ్చా?’ అని అడిగితే చాలు.. అరగంట చర్చ దానంతటదే నడుస్తుంది. రాజ్యాంగం 301వ అధికరణం దేశమంతటా వ్యాపారం స్వేచ్ఛగా సాగాలంటుంది. ప్రజాప్రయోజనం కోసం రాష్ట్రాలు సహేతుకమైన ఆంక్షలు పెట్టొచ్చని 304వ అధికరణం చెబుతూనే, దానికి శాసనసభ చేసిన చట్టం ఉండాలనీ, ఆ బిల్లుకు రాష్ట్రపతి అనుమతి ముందే తీసుకోవాలనీ షరతు పెట్టింది. ఎవరైనా దీన్ని సవాలు చేస్తే తేల్చాల్సింది హైకోర్టు. ఒక మామిడి లారీ చెక్‌పోస్టు దగ్గర ఆగితే ఆ వెనకాల ఇన్ని తలుపులు ఉంటాయి.

2025 జూలై 9న మాజీ ముఖ్యమంత్రి జగన్ బంగారుపాళ్యం మార్కెట్ యార్డుకు వచ్చి రైతులతో మాట్లాడారు. ఎవరి రాజకీయం వారిది. అయితే అధికారంలో లేనివాళ్లు వచ్చి ప్రశ్నించడం కూడా వ్యవస్థలో భాగమేనని పిల్లలకు చెప్పాలి. లేకపోతే ప్రతిపక్షం అంటే కేకలు వేసేవాళ్లు అనే ముద్రే పడిపోతుంది. మాక్ అసెంబ్లీల్లో పిల్లలు ఎక్కువగా అనుకరించేదీ ఆ కేకలనే కావడం గమనించాల్సిన విషయం.

కాణిపాకం ప్రమాణం.. కోర్టు ప్రమాణం

ఇక ఐరాల మండలం కాణిపాకం. వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధం ఆడకూడదని ఈ ప్రాంతంలో తరతరాల నమ్మకం. దొంగతనం నింద పడినా, అప్పు తగాదా వచ్చినా ‘కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?’ అంటారు. రాజకీయ నాయకులు కూడా ప్రెస్‌మీట్లలో ఇదే సవాలు విసురుకుంటారు. ఇక్కడి పిల్లవాడికి ‘న్యాయం’ అనగానే మొదట గుర్తొచ్చేది చిత్తూరు కోర్టు కాదు.. కాణిపాకం గుడే.

పాఠం చెప్పేవాళ్లు దీన్ని పక్కన పెట్టకుండా వాడుకోవచ్చు. ఎందుకంటే ఒకప్పుడు కోర్టు కూడా ఇలాంటి ప్రమాణాన్ని ఒప్పుకునేది! 1873 నాటి భారత ప్రమాణాల చట్టం ప్రకారం, ‘అవతలివాడు ఫలానా విధంగా ప్రమాణం చేస్తే నేను కట్టుబడి ఉంటా’ అని కక్షిదారు ఒప్పుకుంటే, కోర్టు ఆ ప్రమాణం చేయించేది. అలా చెప్పిన మాటనే తిరుగులేని సాక్ష్యంగా తీసుకునేది. 1969లో కొత్త ప్రమాణాల చట్టం వచ్చింది. పాత చట్టంలోని ఆ ఏర్పాటు ఇందులో లేదు. ఇప్పుడు కోర్టులో సాక్షి ప్రమాణం చేస్తాడు. కానీ ఆ మాటను అవతలి లాయరు ప్రశ్నిస్తాడు, జడ్జి తూకం వేస్తాడు. తీర్పు నచ్చకపోతే పై కోర్టుకు అప్పీలు ఉంటుంది. గుడి ముందు ప్రమాణానికి అప్పీలు లేదు. నమ్మకం నమ్మకమే, కోర్టు కోర్టే. ఈ రెండింటి మధ్య తేడా తెలియడం ఈ మండలాల పిల్లలకు చాలా అవసరం.

ప్రమాణం అనే మాట ఇంకోచోటా వస్తుంది. ఎమ్మెల్యేగా గెలిచినవాళ్లు 188వ అధికరణం ప్రకారం సభలో ప్రమాణం చేశాకే కుర్చీలో కూర్చుంటారు. దైవసాక్షిగా అనొచ్చు, అలా కాకుండా మనస్సాక్షి మీద ధ్రువీకరణ కూడా చేయొచ్చు. ఏది ఎంచుకున్నా మాట ఇచ్చేది రాజ్యాంగానికే. పూతలపట్టు ఎమ్మెల్యే కలికిరి మురళీమోహన్ సహా ప్రస్తుత సభ్యులంతా 2024 ఎన్నికల తర్వాత అలా ప్రమాణం చేసినవాళ్లే. పిల్లల చేత ఈ పేర్లు బట్టీ పట్టించడం మీదే చాలా బడుల్లో శ్రద్ధ కనిపిస్తుంది. పేర్లు ఐదేళ్లకోసారి మారిపోతాయి. ఆ కుర్చీకి ఉన్న పని మాత్రం మారదు.

‘కాదు’ అనే అధికారం

మూడు వ్యవస్థలు ఎందుకు? ఒక్కటే ఉంటే పనులు త్వరగా అవుతాయి కదా? ఈ ప్రశ్న అడిగిన పిల్లవాడిని టీచరు మెచ్చుకోవాలి. బ్రిటిష్ కాలంలో జరిగింది అదే. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడినప్పుడు కలెక్టరే శిస్తు వసూలు చేసేవారు, జిల్లా మేజిస్ట్రేట్‌గా క్రిమినల్ కేసుల మీద అధికారం చూపేవారు. డబ్బు అడిగేదీ, శిక్ష వేసేదీ ఒకే బంగళా అయితే రైతు ఎక్కడికి పోవాలి? అందుకే రాజ్యాంగం 50వ అధికరణంలో కోర్టులను కార్యనిర్వాహక వ్యవస్థ నుంచి వేరుచేయాలని రాశారు. 1974 ఏప్రిల్ 1 నుంచి అమలైన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో ఆ విభజన దేశమంతటా పక్కాగా వచ్చింది. ఇప్పటికీ తహసీల్దారుకు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ అధికారాలున్నాయి. భూమి రికార్డుల తగాదాల్లో ఆర్డీవో అప్పీళ్లు వింటారు. పిల్లలు ‘ఎమ్మార్వో కూడా జడ్జియేనా?’ అని తికమక పడితే తప్పు వాళ్లది కాదు. గీత అక్కడ నిజంగానే కాస్త చెరిగి ఉంది.

ఒక వ్యవస్థ మరోదాన్ని ఎలా ఆపుతుందో చూపాలంటే రాష్ట్ర రాజధాని వ్యవహారం ఉంది. మూడు రాజధానుల బిల్లులను 2020 జనవరిలో అసెంబ్లీ ఆమోదించింది. మండలి అడ్డుపడింది. సెలెక్ట్ కమిటీకి పంపాలని చైర్మన్ చెప్పారు. వారం తిరగకముందే మండలినే రద్దు చేయాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. బిల్లులు జూన్‌లో మళ్లీ వచ్చాయి. జూలై 31న గవర్నర్ ఆమోదం పడింది. కేసులు హైకోర్టుకు వెళ్లాయి. విచారణ సాగుతుండగానే 2021 నవంబర్‌లో ప్రభుత్వం ఆ చట్టాలను వెనక్కి తీసుకుంది. మండలి రద్దు తీర్మానాన్నీ ఉపసంహరించుకుంది. 2022 మార్చి 3న హైకోర్టు, రాజధానిని మార్చే అధికారం శాసనసభకు లేదని తీర్పు చెప్పింది. అదే ఏడాది నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆ తీర్పులో గడువులు పెట్టిన కొన్ని ఆదేశాలపై స్టే ఇచ్చింది. ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అన్నది క్లాసులో తేల్చాల్సిన పని లేదు. తేదీలు బోర్డు మీద రాసి, ఒక్కో తేదీ పక్కన ‘ఎవరు? ఏమన్నారు?’ అని పిల్లల చేత నింపిస్తే చాలు. ‘కాదు’ అన్న మాట ఎన్నిసార్లు, ఎన్ని నోళ్ల నుంచి వచ్చిందో వాళ్లే లెక్కపెడతారు.

ఈ మూడింటి మధ్య గోడ నిలువెత్తు గోడేం కాదు. మంత్రులు శాసనసభ నుంచే వస్తారు. అందరూ మంత్రులైపోతే ప్రశ్నించేవాళ్లు ఉండరు కాబట్టి 2003లో 91వ సవరణ చేసి, ముఖ్యమంత్రితో కలిపి 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. 175లో 15 శాతం ఎంత? 26.25. అంటే 26 మంది. శాతాల లెక్కను మ్యాథ్స్ టీచరుకు ఇచ్చేయొచ్చు.

చిత్తూరు బార్ నుంచి లోక్‌సభ స్పీకర్ కుర్చీ దాకా..

జిల్లా చరిత్రలో పిల్లలకు చెప్పదగ్గ మనిషి మాడభూషి అనంతశయనం అయ్యంగార్. 1891లో తిరుచానూరులో పుట్టారు. మొదట లెక్కల టీచరు. తర్వాత చిత్తూరులో లాయరు. రాజ్యాంగ సభలో సభ్యుడు. 1952లో తిరుపతి నుంచి ఎంపీగా గెలిచి లోక్‌సభకు తొలి డిప్యూటీ స్పీకర్ అయ్యారు. 1956లో మావలంకర్ మరణం తర్వాత స్పీకర్ అయ్యారు. 1957లో చిత్తూరు నుంచి గెలిచి మళ్లీ ఆ కుర్చీలో కూర్చున్నారు. 1962లో బిహార్ గవర్నర్‌గా వెళ్లారు. కోర్టు, చట్టసభ, రాజ్‌భవన్.. మూడు చోట్లా పనిచేసిన మనిషి, పుట్టింది పూతలపట్టుకు గంటన్నర దారిలో. ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచే నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి 2010లో స్పీకర్ కుర్చీ దిగి ముఖ్యమంత్రి అయ్యారు. సభను నడిపేవాడి పనీ, ప్రభుత్వాన్ని నడిపేవాడి పనీ ఎంత వేరో చెప్పడానికి ఇదీ పనికొస్తుంది.

క్లాసులో ఎలా?

విద్యార్థులతో సభ నడిపించడం కొత్తేం కాదు. 1962లో బొంబాయిలో జరిగిన విప్‌ల సదస్సు సిఫారసు చేస్తే, 1966-67లో ఢిల్లీ బడుల్లో యూత్ పార్లమెంట్ పోటీలు మొదలయ్యాయి. 2019 నవంబర్ 26న కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ దీనికి వెబ్ పోర్టల్ తెచ్చింది. గుర్తింపు ఉన్న ఏ బడి అయినా అందులో నమోదు చేసుకోవచ్చు. తొమ్మిది నుంచి ఇంటర్ వరకు కిశోర సభ, డిగ్రీ ఆపైన తరుణ సభ అని పేర్లు పెట్టారు.

మంచి ప్రయత్నమే. కాకపోతే ఈ సభలన్నింటిలో ఒక లోటు ఉంది. పిల్లలు బిల్లు పెడతారు, చర్చిస్తారు, చప్పట్లతో ఆమోదిస్తారు. కథ అక్కడితో ఆగిపోతుంది. ఆ బిల్లును అమలు చేసే ఆఫీసరు ఉండడు, దాన్ని కొట్టేసే జడ్జి ఉండడు. ఆరు, ఏడు తరగతులకైతే సెట్టింగూ మైకులూ ఏమీ అక్కర్లేదు. క్లాసును మూడు గుంపులు చేయాలి. ‘ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఆటల పీరియడ్ కట్’ అని ఒక గుంపు రూలు పాస్ చేస్తుంది. రెండో గుంపు వారం రోజులు అమలు చేస్తుంది. యాదమరి నుంచి బస్సు లేటైతే వచ్చిన పిల్ల తప్పేమిటని ఎవరో ఒకరు మూడో గుంపు దగ్గరికి వెళ్తారు. వెళ్లేదాకా ఆగాలి, టీచరు తొందరపడి చెప్పకూడదు. మూడో గుంపు తనంతట తాను కేసు వెతుక్కోకూడదనీ, రూలు బాగుందా లేదా అని కాకుండా న్యాయంగా ఉందా లేదా అనే చూడాలనీ అప్పుడు చెప్పాలి. తర్వాతి వారం గుంపులు మారాలి. నిన్న రూలు చేసినవాళ్లే ఇవాళ దాని కింద నలిగితే వచ్చే తెలివి వేరు.

బడి బయట చూపించడానికీ చాలానే ఉన్నాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి సర్కారు బడిలో యాజమాన్య కమిటీ ఉంటుంది. అందులో మూడొంతుల మంది, అంటే నాలుగింట మూడు వంతులు, తల్లిదండ్రులే. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. 2024 ఆగస్టులో ఆ ఎన్నికలు బడుల్లోనే జరిగాయి. చాలామంది పిల్లలు అమ్మ ఓటేయడం కళ్లారా చూశారు. అదే నెల 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. అయితే గ్రామసభను నాలుగో వ్యవస్థగా చెప్పేస్తుంటారు కొందరు. అది స్థానిక ప్రభుత్వం.. వేరే అంతస్తు.

కోర్టు విషయంలోనే పిల్లలకు భయం ఎక్కువ. కోర్టుకెక్కడమంటే పరువు పోవడమని ఇళ్లలో వింటూ పెరుగుతారు. నిజానికి మామూలు కేసుల్లో కోర్టు హాలు తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాల విచారణలు 2022 సెప్టెంబర్ 27 నుంచి లైవ్‌లో వస్తున్నాయి. అసెంబ్లీ సమావేశాలూ లైవ్‌లో ఉంటాయి. క్లాసులో ప్రశ్నోత్తరాల సమయం ఒక పది నిమిషాలు, కోర్టు విచారణ ఒక పది నిమిషాలు పక్కపక్కన చూపిస్తే, మాట్లాడే తీరులోనే తేడా తెలిసిపోతుంది. ఫీజు లేకుండా న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉంది. ఆ చట్టం అమల్లోకి వచ్చిన నవంబర్ 9ని న్యాయసేవల దినంగా జరుపుతారు. చిత్తూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను బడి తరఫున హెచ్‌ఎం లేఖ రాసి అడగొచ్చు. బడుల్లో న్యాయ అవగాహన సదస్సులు పెట్టడం ఈ సంస్థల పనుల్లో ఒకటి.